కన్ను చెప్పే నరాల సంగతి

తలకు దెబ్బ తగిలి వార్డులో చేరిన వారి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడే కాస్త కునుకు పట్టింది సిస్టరుగారూ, మళ్ళీ లేపుతారెందుకు?" అని. గంటగంటకూ వచ్చి రోగిని లేపి, పేరు అడిగి, చెయ్యి ఎత్తమని, రెండు కళ్ళల్లోకీ టార్చిలైటు వేసి చూసి, కాగితం మీద ఏవో అంకెలు రాసుకుని వెళ్ళిపోతుంటే ఎవరికైనా విసుగు పుడుతుంది. అడగడంలో తప్పులేదు. ఆ టార్చిలైటు దేనికో చెబితే ఈ వ్యాసంలోని మిగతా సంగతులు తేలికగా అర్థమవుతాయి కనుక అక్కడే మొదలుపెడతాము.

మెదడు నుంచి నేరుగా తలకు, ముఖానికి, మెడకు వచ్చే నరాలు పన్నెండు జతలు. వాటిలో ఆరు జతలకు కంటితో పని ఉంది. రెండవ నరం చూపును మెదడుకు మోసుకుపోతుంది. మూడు, నాలుగు, ఆరవ నరాలు కనుగుడ్డును అటూ ఇటూ తిప్పుతాయి. రెప్పను పైకి ఎత్తేది, వెలుగు పడినప్పుడు కంటిపాపను ముడిచేది మూడవ నరమే. ఐదవ నరం వల్ల కంట్లో నలక పడితే మనకు తెలుస్తుంది. ఏడవ నరం రెప్పను మూస్తుంది. అంటే అరచేతిలో సగం కూడా లేని ఈ చిన్న చోట మెదడు తన సమాచారాన్ని ఇన్ని దారుల్లో బయటపెడుతోందన్నమాట. లోపల ఏదైనా తేడా వస్తే చాలాసార్లు ముందుగా కంటి దగ్గరే కనిపిస్తుంది. చూసేవారుంటే చాలు.

మేము రాసుకునే అంకెలకు కూడా ఒక చరిత్ర ఉంది. మన కొవ్వూరు, రాజమండ్రి మధ్య రోడ్డు కం రైలు వంతెన తెరిచిన 1974లోనే, స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు నరాల శస్త్రవైద్యులు ఒక కొలమానం ప్రకటించారు. కళ్ళు తెరవడానికి నాలుగు మార్కులు, మాటకు ఐదు, కాళ్ళూ చేతుల కదలికకు ఆరు. మొత్తం పదిహేను వస్తే రోగి పూర్తి తెలివిలో ఉన్నట్టు. మూడు అన్నది అన్నిటికంటే తక్కువ. ఇందులో సున్నా లేదు. ఈ కొలత వచ్చాక ఏ ఊళ్ళో ఏ నర్సు రాసినా ఇంకో ఊళ్ళోని డాక్టరుకు ఒకే విధంగా అర్థమయ్యే వీలు కలిగింది. ఉదయం పదిహేను ఉన్న మనిషికి మధ్యాహ్నం పదమూడు వస్తే, చూడటానికి హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నా, మేము డాక్టరుగారిని పిలుస్తాము. నిద్రకూ మగతకూ తేడా లేపి చూస్తేనే తెలుస్తుంది.

ఒక కంటిపాప రెండవ దానికంటే పెద్దదై, వెలుగు వేసినా ముడుచుకోకపోతే పరిస్థితి ఇంకా తొందరగా ఉందని అర్థం. తల లోపల రక్తం చేరి మెదడును నెట్టుతుంటే మూడవ నరం నలిగి అలా జరుగుతుంది. మోటారు సైకిలు మీద నుంచి పడి లేచి, బాగానే మాట్లాడి, ఇంటికి వెళ్ళి కొన్ని గంటల తర్వాత మగతలోకి జారుకునేవారు ఉంటారు. అందుకే దెబ్బ తగిలిన మొదటి రోజు అంత కాపలా. అయితే వెనుక కంటి ఆపరేషను జరిగినా, కొన్ని రకాల కంటి చుక్కలు వాడుతున్నా కంటిపాపలు సమానంగా ఉండకపోవచ్చు. ఆ సంగతి చేరేటప్పుడే మాకు చెప్పండి. అనవసరపు కంగారు తప్పుతుంది.

పక్షవాతం: చూపు కూడా చెబుతుంది

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఈ మూడింటికీ మరో రెండు చేర్చుకోమని మా విన్నపం. హఠాత్తుగా నడక తూలడం ఒకటి, హఠాత్తుగా చూపు మారడం రెండవది. చూపు మారడం అంటే ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్మడం, లేదా రెండు కళ్ళతో చూసినా ఒక పక్క సగం అసలు కనిపించకపోవడం. ఇందులో నొప్పి ఉండకపోవచ్చు. అదే చిక్కు. నొప్పి లేదు కనుక అద్దాల నంబరు మారిందేమో, పండుగ వెళ్ళాక చూపించుకుందాము అనుకుంటారు. ఒక్క క్షణంలో వచ్చిన మార్పు అద్దాల వల్ల రాదు.

రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజక్షను ఉంది. సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఈ గంటలు ఇంట్లోవాళ్ళు గమనించినప్పటి నుంచి కాదు, రోగి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి లెక్క. రాత్రి తొమ్మిదింటికి భోంచేసి పడుకున్న మనిషి తెల్లవారుజామున అయిదింటికి మూతి వంకరతో లేస్తే లెక్క తొమ్మిది నుంచే మొదలవుతుంది. అంతమాత్రాన ఆలస్యమైందని ఇంట్లో ఉండిపోవద్దు. నిద్రలో వచ్చిన కేసుల్లో కొందరికి ప్రత్యేకమైన స్కానుల సాయంతో వైద్యం చేసే వీలుంది. పెద్ద రక్తనాళంలో గడ్డ ఉంటే, తగిన రోగులకు 24 గంటల వరకు కూడా సన్నని గొట్టం ద్వారా దానిని బయటికి తీసే పద్ధతి ఉంది. ఏది కుదురుతుందో చెప్పవలసింది డాక్టరుగారు.

పెద్ద నాళం మూసుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్క కట్టారు. మన దగ్గర ఆ నిమిషాలు ఎక్కడ పోతున్నాయో అందరికీ తెలుసు. పావురం రక్తం రాయడానికి పావురాన్ని వెతకడంలో పోతున్నాయి. పసరు మందు ఇచ్చే ఊరికి కారు మాట్లాడుకోవడంలో పోతున్నాయి. హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఫోను ఎత్తేవరకు ఆగడంలో పోతున్నాయి. పావురం రక్తానికి మెదడులో అడ్డుపడిన గడ్డను కరిగించే శక్తి లేదు. ఈ మాట కఠినంగా అనిపించినా చెప్పక తప్పదు.

ముందుగా 108కు ఫోను చేయండి. ఈ సేవ మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. పక్షవాతం అని అనుమానం ఉన్నప్పుడు సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళమని అడగండి. గోదావరికి ఈవల ఉన్నవారు వంతెన దాటవలసి వస్తుంది. రోడ్డు కం రైలు వంతెన మీద మరమ్మతులు జరిగే రోజుల్లో ఏ వంతెన తెరిచి ఉందో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దలున్న ఇంట్లో ఇది ముందే మాట్లాడుకోవలసిన విషయం.

బండి వచ్చేలోపల నోట్లో ఏమీ పోయవద్దు. మంచినీళ్ళు కూడా వద్దు. మింగే కండరాలు పని చేయకపోతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బి.పి. మాత్ర అదనంగా వేయవద్దు. ఆస్పిరిన్ వేయవద్దు. వచ్చింది గడ్డ వల్లనా, రక్తం చిట్లడం వల్లనా అన్నది స్కాన్ తీయకుండా చూసి చెప్పడం మా వల్లా కాదు, డాక్టరుగారి వల్లా కాదు. రెండింటికీ వైద్యం వేరు. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, వాడుతున్న మందుల చీటీలు అన్నీ సంచిలో వేసుకోండి. షుగరు ఉన్నవారైతే ఇంట్లో మిషను ఉంటే వేలి రక్తం చూడండి. షుగరు మరీ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది.

పది నిమిషాల్లో అంతా తగ్గిపోయినా రావాలి. చెయ్యి లేచింది, మాట వచ్చింది, చూపు తేటపడింది, ఇంకెందుకు అని ఆగిపోయిన వారిలో కొందరికి కొద్ది రోజుల్లోనే అసలు పక్షవాతం వస్తుంది. అప్పుడు తెర తొలగినట్టు కాదు, హెచ్చరిక అందినట్టు.

ఇక ఇంటికి వెళ్ళాక మొదలయ్యే సేవ గురించి. పళ్ళెంలో కుడి పక్క అన్నం, కూర తిని ఎడమ పక్కది అలాగే వదిలేసే రోగులు ఉంటారు. "మామయ్యగారికి బీరకాయ సహించడం లేదండీ" అని కోడళ్ళు చెబుతారు. పళ్ళెం తిప్పి పెట్టి చూడండి. అదే బీరకాయ తినేస్తారు! మెదడులో కుడి భాగం దెబ్బతింటే ఎడమవైపు చూపు సగం పోవచ్చు. కొందరికి చూపు ఉన్నా ఎడమవైపు అనేది ఒకటి ఉందన్న ధ్యాసే పోతుంది. ఎడమ చెంప గడ్డం గీసుకోరు. ఎడమ చేతికి చొక్కా తొడుక్కోరు. ద్వారబంధానికి ఎడమ భుజం కొట్టుకుంటారు. ఇది మొండితనం కాదు, మతిమరుపు కాదు, జబ్బులో భాగం.

ఇటువంటి వారికి మొదటి రోజుల్లో మంచినీళ్ళ గ్లాసు, పిలిచే గంట కనిపించే పక్కనే పెట్టాలి. కాస్త కోలుకున్నాక మెల్లగా కనిపించని పక్క నుంచి మాట్లాడుతూ, "తల ఇటు తిప్పండి నాన్నగారూ" అని అలవాటు చేయాలి. పత్రిక గాని, పాటల పుస్తకం గాని చదివేటప్పుడు పేజీ ఎడమ అంచున ఎర్ర రిబ్బను ఒకటి పెట్టి, అది కనిపించేవరకు తల తిప్పి, అక్కడి నుంచి లైను మొదలుపెట్టమనండి. చదువు మానేసిన చాలామంది దీనితో మళ్ళీ చదువుతారు. రెండుగా కనిపించేవారికి ఒక కన్ను మూసే పట్టీ కొంత హాయినిస్తుంది. ఏ కంటికి, ఎంతసేపు అన్నది డాక్టరుగారిని అడగండి. డాక్టరుగారు చూపు పరీక్ష చేసి సరే అనేదాకా బండి తాళాలు మాత్రం ఇవ్వకండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

మూయని రెప్ప

మూతి వంకర పోయిన ప్రతిదీ పక్షవాతం కాదు. ఏడవ నరం ఒక్కటే వాచి, ముఖంలో ఒక పక్క పడిపోయే జబ్బు ఉంది. దీనిని బెల్స్ పాల్సీ అంటారు. పక్షవాతంలో సాధారణంగా నుదురు ముడతలు పడుతుంది, ఈ జబ్బులో ఆ పక్క నుదురు కూడా కదలదు, కన్ను మూతపడదు. కాని ఈ తేడా చూసి ఇంట్లోనే తీర్పు చెప్పుకోవద్దు. ఆసుపత్రిలో చూపించాకే ఊరట పడండి. 72 గంటల లోపల స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల లోపల ముఖం మామూలవుతుంది.

ఈ లోపల కాపాడుకోవలసింది కన్ను. అందరూ మూతి గురించి బాధపడతారు, అద్దంలో కనిపించేది అదే కనుక. మూతి తిరిగి వస్తుంది. ఎండిపోయి పుండు పడిన నల్లగుడ్డు మీద మచ్చ మిగిలిపోతే చూపు రాదు. కనుక పగలు డాక్టరు రాసిన కన్నీటి చుక్కలు తరచుగా వేయాలి. రాత్రి ఆయింట్‌మెంటు వేసి, వేలితో రెప్పను పూర్తిగా మూసి, ఆ తర్వాత మెత్తని టేపు అంటించాలి. రెప్ప మూయకుండా పైన దూది, గాజుగుడ్డ పెట్టి కట్టవద్దు. అది నల్లగుడ్డుకు రాసుకుని గీరుతుంది. ఫ్యాను గాలి నేరుగా ముఖం మీద పడకుండా మంచం జరపండి. బయటికి వెళితే చలువ కళ్ళద్దాలు. కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, నల్లగుడ్డు మీద తెల్లని చుక్క కనిపించినా ఆ రోజే రండి.

స్పృహ లేకుండా ఇంట్లో మంచం మీద ఉన్నవారికీ ఇదే సేవ కావాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చే కుటుంబాలు కూడా కళ్ళ సంగతి మరచిపోతుంటాయి. సగం తెరిచిన రెప్పల సందులో తెల్లగుడ్డు కనిపిస్తూ ఉంటే ఆ కన్ను ఎండిపోతోందని గుర్తు. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో ముక్కు పక్క నుంచి బయటి వైపుకు తుడవాలి. ఒకసారి తుడిచిన దూది మళ్ళీ వాడకూడదు, ఒక కంటి దూది రెండో కంటికి వాడకూడదు. తర్వాత ఆయింట్‌మెంటు వేసి రెప్ప మూయాలి.

నుదుటి మీద, ముక్కు కొస మీద సర్పి పొక్కులు లేచినప్పుడు కూడా కంటికి ముప్పే. అది ఐదవ నరం దారిలో వచ్చే జబ్బు. మంత్రం వేయించి ఊరుకోకుండా మొదటి మూడు రోజుల లోపల మందు మొదలుపెట్టాలి.

వాలిన రెప్ప, చిన్నదైన కంటిపాప

డెల్టాలో పొలం పనులు చేసే కుటుంబాలకు ఈ భాగం ముఖ్యం. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి అంటారు, రెప్పలు బరువుగా ఉన్నాయంటారు, మనుషులు ఇద్దరిద్దరుగా కనిపిస్తున్నారంటారు. తర్వాత మింగలేరు, ఆపైన ఊపిరి తీసుకోలేరు. నాగుపాము విషం కూడా నరాలనే పట్టుకుంటుంది. నిన్నటిదాకా బాగున్న మనిషికి పొద్దున్నే రెండు రెప్పలూ వాలిపోతే, పామును ఎవరూ చూడకపోయినా, పాము కాటేమోనని అనుమానించి పరుగెత్తుకు రండి. మేము పైకి చూస్తూ ఉండమంటాము, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టమంటాము. ఆ లెక్క తగ్గుతూ పోతే ఊపిరి కండరాలు అలసిపోతున్నాయని తెలుస్తుంది.

తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలు కదలకుండా ఉంచి తీసుకురండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పొడపాములు, నాలుగింటికీ పని చేసేదే కనుక పామును చంపి తేవలసిన పని లేదు. ఇంకొక్క సంగతి. కట్లపాము కాటులో కదలిక పూర్తిగా పోయి, కంటిపాపలు కూడా పెద్దవై వెలుగుకు కదలకుండా ఉండవచ్చు. చూసినవారు ప్రాణం పోయిందనుకుంటారు. లోపల తెలివి ఉండవచ్చు, మన మాటలు వినపడుతూ ఉండవచ్చు. వెంటిలేటరు మీద ఉంచితే అటువంటివారు లేచి ఇంటికి నడిచి వెళ్ళిన సందర్భాలు వైద్యంలో తెలిసినవే. వారి మంచం పక్కన మాట్లాడే మాటలు చూసుకుని మాట్లాడాలి.

పురుగుమందు విషయంలో దీనికి భిన్నంగా ఉంటుంది. చేలో మందు కొట్టి వచ్చిన మనిషికి ఒళ్ళంతా చెమట, నోట్లో సొంగ, కళ్ళ వెంట నీళ్ళు, చూపు మసక, కంటిపాపలు ఆవగింజంత అయితే ఆ మందు నరాలకు ఎక్కిందని గుర్తు. బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్ళు కడిగి, డబ్బా వెంట తీసుకుని రండి. కడిగేవారు చేతులకు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని వేసుకోవాలి. వాంతి చేయించవద్దు.

పైత్యం అనుకునే తలనొప్పి

అరవై దాటిన ఒక పెద్దావిడకు సాయంత్రం నుంచి ఒక పక్క తలనొప్పి, వాంతులు. పైత్యం చేసిందని నిమ్మరసం ఇస్తారు. కన్ను ఎర్రగా ఉంటే వాంతుల ఒత్తిడికి అనుకుంటారు. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయని ఆవిడ చెప్పినా ఎవరూ పట్టించుకోరు. కంట్లో నీటి ఒత్తిడి హఠాత్తుగా పెరిగే నీటికాసుల జబ్బు ఇలాగే వస్తుంది. కొద్ది గంటల్లో, రోజుల్లో చూపు శాశ్వతంగా పోవచ్చు. తలనొప్పితో వాంతులు అయ్యే ప్రతివారి కళ్ళూ ఒకసారి చూడండి. ఒక్కొక్క కన్ను మూసి చూపు ఎలా ఉందో అడగండి. అలాగే రోజూ పొద్దున్నే తలనొప్పితో, వాంతులతో లేచి, వంగితే కళ్ళు మసకలు కమ్మేవారికి మెదడు లోపల ఒత్తిడి ఉందేమో చూడాలి. డాక్టరు కంటి లోపలికి చూసి నరం వాచిందేమో చెప్పగలరు.

మూర్ఛ గురించి క్లుప్తంగా. ఫిట్లు వస్తున్నప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వల్ల ప్రయోజనం లేదు, పళ్ళు విరుగుతాయి. పక్కకు తిప్పి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి. కళ్ళు తెరిచి ఉన్నాయా, ఏ పక్కకు తిరిగాయి అన్నది గుర్తుంచుకుని చెబితే డాక్టరుకు ఎంతో ఉపయోగం. మందులు మధ్యలో మానవద్దు. గర్భం కోసం చూస్తున్న అమ్మాయిలు మందు మార్చాలేమో ముందే అడగాలి, సొంతంగా ఆపకూడదు. పెళ్ళికి అడ్డమని జబ్బు దాచి మందులు మానిపించే తల్లిదండ్రులకు ఒక మాట: హిందూ వివాహ చట్టంలోను, ప్రత్యేక వివాహ చట్టంలోను ఉన్న మూర్ఛ అన్న అడ్డంకిని 1999లోనే తీసివేశారు. చట్టం వదిలేసిన దానిని మనం పట్టుకుని కూర్చున్నాము.

మెల్లగా పోయే చూపు

ఇప్పటివరకు చెప్పినవన్నీ తొందరపడవలసినవి. తొందర పెట్టకుండా, నొప్పి లేకుండా చూపును తీసుకుపోయేవి వేరే ఉన్నాయి. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు హైదరాబాదులోను, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోను 10,293 మందిని పరీక్షించారు. కొవ్వూరు 2022 ఏప్రిల్‌లో తూర్పుగోదావరిలో చేరింది గాని, అప్పట్లో మనది పశ్చిమగోదావరే. మంచి కంటితో కూడా 6/60 చూపు లేనివారిని, లేదా చూపు మేర బాగా కుంచించుకుపోయినవారిని అంధులుగా లెక్కవేస్తే, నూటికి 1.84 మంది తేలారు. ఆ అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్ల, 16.3 శాతం సరైన అద్దాలు లేకపోవడం వల్ల. ఒక చిన్న ఆపరేషనుతోనో, ఒక జత అద్దాలతోనో చూపు రావలసినవారు సగానికి పైగా ఉన్నారన్నమాట. ఈ లెక్క పాతదే. శుక్లం ముదరాలి, చలికాలం రావాలి అని ఆగేవారు మాత్రం ఇప్పటికీ మా దగ్గరికి వస్తూనే ఉన్నారు. రెండింటికీ ఆగనక్కరలేదు. పనులకు అడ్డం వచ్చిందంటే తీయించుకోవచ్చు.

కంటి ఆపరేషన్ల విషయంలో మన తీరప్రాంతపు మిషను ఆసుపత్రులకు ఒక పాత కథ ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో పనిచేసిన కెనడా వైద్యుడు బెన్ గల్లిసన్, 1963లో కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌ను కలిసి బీదల కంటి ఆపరేషన్లకు సాయం అడిగారు. అప్పుడు ఒక ఆపరేషనుకు ఇరవై అయిదు డాలర్లు అయ్యేవట. ఆ సాయమే తర్వాత ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది.

శుక్లంలో పోయిన చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల్లో, షుగరు వల్ల కంటి నరపు పొర చెడినప్పుడు పోయిన చూపు చాలావరకు రాదు, మిగిలినది కాపాడుకోగలం. అందుకే షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికొకసారి కంటిపాపకు చుక్కలు వేయించి లోపల చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే నలభై దాటిన తోబుట్టువులు, పిల్లలు ఒత్తిడి కొలిపించుకోవాలి. క్షయ మందుల్లో ఇథాంబుటాల్ వాడుతున్నవారు ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనిపించినా, చూపు మసకబారినా వెంటనే చెప్పాలి.

వరికోతల్లో ఆకు అంచు గాని, ధాన్యపు ఊక గాని కంటికి తగిలితే చనుబాలు, ఆముదం పోయవద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవద్దు. ఆకు గీసిన చోట బూజు జాతి క్రిమి చేరుతుంది, స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్టు పని చేస్తుంది. తర్వాత మిగిలేది కంట్లో పువ్వు.

చుక్కలు ఎలా వేసుకోవాలో డిశ్చార్జి రోజున చెబుతూనే ఉంటాము, ఇంటికి వెళ్ళాక మారిపోతుంది. చేతులు కడుక్కోండి. కింది రెప్పను కొంచెం లాగి ఆ సంచిలో ఒక్క చుక్క వేయండి, రెండవది చెంప మీదికి కారిపోయేదే. సీసా మూతి రెప్పకు తగలకూడదు. కన్ను మూసి, ముక్కు పక్కన మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టండి, మందు ముక్కులోకి జారిపోకుండా ఉంటుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన రోజున దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నెల దాటితే మందు మిగిలినా పారవేయండి, పక్కింటివారి కన్ను ఎర్రబడిందని మాత్రం ఇవ్వకండి.